టెక్కలి దాటాక పేరు లేని రాతి షాపు: మా లాన్స్ నాయక్ పలక అక్కడే చెక్కించాం

శ్రీకాకుళం నుంచి పలాస వైపు వెళ్తుంటే, టెక్కలి దాటిన కాసేపటికి హైవే పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. ముందు నీలం రాళ్ళు, సమాధి పలకలు, సగం చెక్కిన నంది ఒకటి. షాపుకి పేరు లేదు. "ఇచ్చట గ్రానైట్‌పై అక్షరములు చెక్కబడును" అని రాసిన నల్ల పలకే బోర్డు. ఆ బోర్డు చూసే నేను బండి ఆపాను. 'క్క'లో వత్తు ఎక్కడా విరగలేదు, 'క్ష' పూడిపోలేదు. అంతకు ముందు మూడు చోట్ల తిరిగాను. ఎక్కడా తెలుగు అక్షరాలు ఇంత శుభ్రంగా కనపడలేదు.

మేం చెక్కించింది మా ఊరి లాన్స్ నాయక్ (సైన్యంలో సిపాయికి పై ర్యాంకు) పేరు మీద స్మారక పలక. 2002 సెప్టెంబర్ చివర్లో కాశ్మీర్‌లో ఒక నాలా (కొండవాగు) మలుపు దగ్గర తను ఉండిపోయి మమ్మల్ని నలుగురిని బయటికి పంపాడు. ఆ నలుగురిలో నేనొకణ్ణి. తనకి మరణానంతరం సేనా మెడల్ ఇచ్చారు. పేరు ఇక్కడ రాయను, మందస దాటి మా ఊరి వైపు ఎప్పుడైనా వస్తే బస్సు ఆగే చోట రాయి మీదే చదువుకోవచ్చు. నేను హవల్దార్‌గా రిటైరై ఊళ్ళో కొబ్బరి తోట చూసుకుంటున్నాను. ఇలాంటి పలక చెక్కించాలనుకునే కుటుంబాలు మా జిల్లాలో చాలానే ఉన్నాయి, వాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొదట ఊళ్ళో 2003లో కట్టిన సిమెంటు దిమ్మ ఉండేది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరసగా పడ్డాయి కదా, అందులో ఒకటి దాని మీద పడింది. పేరున్న ముక్క లాన్స్ నాయక్ వాళ్ళమ్మ ఏరి ఇంట్లో మంచం కింద పెట్టుకుంది. తర్వాత కరోనా, తర్వాత స్థలం గొడవ, అలా ఏళ్ళు గడిచాయి. మొన్న సంక్రాంతికి నేను మిగతా ముగ్గురికీ ఫోన్ చేశాను. మా ఉస్తాద్, అంటే మాకు పని నేర్పిన సీనియర్, కేరళలో ఉన్నాడు, ఇంకో ఇద్దరు తమిళనాడు. పంచాయతీని గానీ నాయకులని గానీ ఒక్క రూపాయి అడగొద్దు, మనమే పెట్టుకుందాం అని అందరం ఒక్క మాట మీదికి వచ్చాం.

ముందు రాయి సంగతి చెప్తాను. నేను వెళ్ళి నల్ల గ్రానైట్ అడిగాను. షాపు పెద్దాయనకి అరవై అయిదు ఉంటాయి. రెండు చేతుల వేళ్ళ కణుపులూ కాయలు కాసి ఉన్నాయి. "టెక్కలి నీలం రాయి చేతిలో పెట్టుకుని నలుపెందుకు బాబూ?" అన్నాడు. ఈ చుట్టుపక్కల క్వారీల్లో తీసే నీలం రాయి విదేశాలకి కూడా వెళ్తుంది, అది మాకు తెలిసిందే. కానీ ఫొటో కావాలంటే దాని మీద కుదరదని కూడా ఆయనే చెప్పాడు. లేజర్‌తో ఫొటో వేస్తే నున్నటి నలుపు మీద తెల్లటి చుక్కల్లా పడుతుంది, నీలం రాయిలో గింజ ఎక్కువ కాబట్టి ముఖం ఆ గింజల్లో కలిసిపోతుంది. చీమకుర్తి గెలాక్సీ రాయి కూడా వద్దన్నాడు, అందులో బంగారు మెరుపు చుక్కలుంటాయి, ముఖం మీద మచ్చల్లా కనిపిస్తాయట. చివరికి పెద్ద పలక నీలం, ఫొటో కోసం అందులో పొదిగిన అడుగు నల్ల పలక అని తేల్చాం. వేరే చోట్ల ఎవరూ ఇంత చెప్పలేదు. రేటు చెప్పి ఊరుకున్నారు.

రాయి 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 2 అంగుళాల మందం. పలచటి పలకలు చవగ్గా వస్తాయి, అవి గోడకి అంటించడానికే పనికొస్తాయి. విడిగా నిలబెట్టే దానికి 2 అంగుళాలకి తగ్గొద్దు అని గట్టిగా చెప్పాడు.

ఇక అసలు విషయం, రాయి మీద రాయాల్సిన మాటలు. నేను సైటేషన్‌ని, అంటే మెడల్‌తో ఇచ్చే ప్రశంసా పత్రాన్ని, తెలుగులోకి రాయించి పట్టుకెళ్ళాను. మా ఊరి మాస్టారు చాలా శ్రమపడి రాసిచ్చారు. "అసమాన ధైర్యసాహసాలను, అచంచల కర్తవ్యనిష్ఠను ప్రదర్శించి, మాతృభూమి సేవలో తన అమూల్యమైన ప్రాణాలను తృణప్రాయంగా అర్పించిన..." అలా పది వరసలు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని అడిగాడు.

"ఇదంతా పొగడ్తే బాబూ. ఇంతకీ ఆ కుర్రోడు చేసిందేటి?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. లోపల కంప్రెసర్ చప్పుడుకి వినపడక మనవణ్ణి పిలిచి దాన్ని ఆపించాడు.

ఆ రోజు మధ్యాహ్నం నాలాలో నడుస్తున్నాం. మొదటి కాల్పులకే మా ఉస్తాద్‌కి తొడలో, ఇంకొకడికి భుజంలో తగిలాయి. మలుపులో అయిదుగురం చిక్కుకున్నాం. వెనక పెద్ద బండ ఉంది, అక్కడికి చేరితే బతుకుతాం, కానీ మధ్యలో అరవై అడుగుల మేర ఏ చాటూ లేదు. ఎల్ఎంజీ (తేలికపాటి మెషిన్ గన్) మా వాడి దగ్గరుంది. మేమిద్దరం చుట్టాలం కాము, కానీ ఒకే ఊరు కాబట్టి బావా అనుకునేవాళ్ళం. "బావా, ఉస్తాద్‌ని లాక్కుని పో. నాను ఈడుంటాను" అన్నాడు. ఇంకేం అనలేదు. నేను ఉస్తాద్ చంకల కింద చేతులు వేసి లాగాను, రెండోవాడు భుజం దెబ్బ తగిలినవాణ్ణి పట్టుకున్నాడు. వెనక నుంచి తన బరస్టులు వినిపిస్తున్నాయి, రెండేసి, మూడేసి గుళ్ళు. గుళ్ళు పొదుపు చేసేవాడి చెయ్యి అది. మ్యాగజైన్ మార్చినప్పుడు చప్పుడు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. అలా రెండుసార్లు ఆగింది, మొదలైంది. మేం బండ వెనక పడ్డాక మూడోసారి ఆగింది. నేను అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ మొదలవలేదు.

ఇది మొత్తం ఇన్నేళ్ళలో మా ఇంట్లో కూడా ఇలా వరసగా చెప్పలేదు.

పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. మాస్టారి కాగితం తిప్పి వెనక వైపు పెన్సిల్‌తో రెండు వాక్యాలు రాశాడు.

"నలుగురిని ముందు పంపాడు. తాను వెనక ఉండిపోయాడు."

ఆ షాపులో అక్షరానికి 25 రూపాయలు. మాస్టారు రాసిచ్చినంతా చెక్కితే ఆయనకి ఎంత వచ్చేదో లెక్క వేసుకోండి. తన చేతికి వచ్చే డబ్బు తనే తగ్గించుకున్నాడు. వత్తుని కూడా వేరే అక్షరంగా లెక్కపెట్టే షాపులు చూశాను నేను. ఇక్కడ వత్తు, గుడి, దీర్ఘం అన్నీ కలిపి ఒకటే అక్షరం. మా పలక మొత్తం 112 అక్షరాలకి తేలింది.

ఊళ్ళో కొందరికి ఈ రెండు వాక్యాలు చాలవనిపించింది. దేశం కోసం అన్న మాట లేకపోతే ఎలా అన్నారు. నేను వాళ్ళతో చెప్పింది ఇక్కడా చెప్తాను. తను సైన్యంలో చేరింది దేశం కోసమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ నిమిషంలో తన కళ్ళ ముందున్నది మేం నలుగురం. మాకోసం ఉండిపోయాడు. అది రాయి మీద ఉండాలి. ముంబై దాడుల్లో తాజ్ హోటల్లో మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ గాయపడిన తన కమాండోని బయటికి పంపించి, తను పైకి వెళ్తూ తన వాళ్ళకి "పైకి రాకండి, నేను చూసుకుంటాను" అని చెప్పారంటారు. 2009 జనవరి 26న అశోక చక్ర ఇచ్చారు. ఆ సైటేషన్‌లో ఏముందో ఎవరికీ గుర్తుండదు, ఆ ఒక్క మాట చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎందుకంటే ఆయన ఏం చేశాడో ఆ మాటలోనే ఉంది. 1971 డిసెంబర్ 9న మన నౌకాదళ ఓడ ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోతుంటే కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన వాళ్ళని దిగి పొమ్మని చెప్పి తను ఓడలోనే ఉండిపోయారు. ఆ ఓడతో పాటు 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు. ఆయన గురించి కూడా జనం చెప్పుకునేది అదే, ఓడ విడిచి రాలేదు అని. విశేషణాలు ఎవరి పేరు ముందైనా పెట్టొచ్చు. చేసిన పని మాత్రం ఆ మనిషిది.

వాళ్ళమ్మకి ఆ రెండు వాక్యాలూ చదివి వినిపిస్తే, "అంతే కదా బాబూ, అంతే కదా జరిగింది" అంది. ఇంక ఊళ్ళో ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు పని ఎలా జరిగిందో. మా వాడి పేరున్న వరస పెద్దాయన ఉలితో స్వయంగా చెక్కాడు. మిగతాది శాండ్ బ్లాస్టింగ్. అక్షరాలు కత్తిరించిన రబ్బరు స్టెన్సిల్ రాయికి అంటించి, గాలి ఒత్తిడితో ఇసుక కొడతారు. రబ్బరు లేని చోట ఇసుక రాయిని లోపలికి తినేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలకి ఇది సుఖం. తెలుగులో సున్నాలు, అక్షరాల కడుపులు ఎక్కువ కాబట్టి లోపలి చిన్న రబ్బరు ముక్కలు గాలికి లేచిపోతాయి, అక్షరం గుంట పడిపోతుంది.

మాకు సరిగ్గా అదే జరిగింది. పలక పైన మా మద్రాస్ రెజిమెంట్ వాక్యం పెట్టించాం, "స్వధర్మే నిధనం శ్రేయః". గీతలోది, తన ధర్మంలో ఉండి చావడమే మేలు అని. మా ట్రైనింగ్ సెంటర్ తమిళనాడు వెల్లింగ్టన్‌లో రిక్రూట్లుగా ఉన్నప్పుడు ఆ మాట రోజూ చూసేవాళ్ళం. స్టెన్సిల్ చేసిన పెద్దాయన మనవడు 'ధ' కింద గీత చాలా సన్నగా పెట్టాడు. ఇసుక కొట్టాక అది కనపడలేదు. "స్వదర్మే నిదనం" అయి కూర్చుంది. చివర విసర్గలో రెండు సున్నాలూ లోపల పూడి రెండు చుక్కలయ్యాయి. చూడగానే నాకు కాళ్ళలో సత్తువ పోయింది. వాక్యమంతా పాడైపోయింది అనుకున్నాను. పెద్దాయన మనవణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. పలక పైభాగం మొత్తం అర అంగుళం అరగదీయించి, మళ్ళీ పాలిష్ పట్టించి, ఆ వాక్యం వరకు ఉలితో తనే చెక్కాడు. విసర్గలో సున్నా చెక్కుతుంటే పక్కన కూర్చుని చూశాను. చిటికెన వేలి గోరంత సున్నా. లోపలి ముక్క నిలబెట్టి చుట్టూ తియ్యాలి. సుత్తి దెబ్బ అసలు వినపడదు, ఉలి మీద వేలితో తట్టినట్టు ఉంటుంది. రెండు సున్నాలకి ముప్పావు గంట పట్టింది. దీనికి అదనంగా ఏమీ తీసుకోలేదు.

రెండో ఇబ్బంది ఫొటో. లేజర్ ఈ షాపులో లేదు, వేరే ఊరు పంపిస్తారు. మా దగ్గర ఉన్నది తన ఐడీ కార్డు సైజు ఫొటో ఒక్కటే. అక్కడ కంప్యూటర్ మీద పనిచేసినవాళ్ళు బాగుంటుందని అనుకున్నారో ఏమో, ముఖాన్ని ఒక ఆఫీసర్ యూనిఫాం మీద అతికించారు. భుజాల మీద మూడు నక్షత్రాలు. కెప్టెన్‌ని చేసేశారు. వాళ్ళు తను పెద్దగా కనపడాలనే చేసుంటారు. కానీ మా వాడు లాన్స్ నాయక్. చేతి మీద ఒక్క పట్టీ. ఆ పట్టీ వచ్చిన రోజు రాత్రి మెస్‌లో అందరికీ జిలేబీ తెప్పించాడు, జీతంలో ఎంత పెరిగిందో లెక్క రాసి వాళ్ళమ్మకి ఉత్తరం వేశాడు. దాన్ని తీసేసి వేరేవాళ్ళ నక్షత్రాలు పెట్టడానికి వీల్లేదు. పలక వెనక్కి పంపి, కొత్త నల్ల పలక మీద భుజాల దాకానే, ఉన్న ఫొటో ఉన్నట్టు వేయించాం. ఫౌజీ కుటుంబాల వాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. లేజర్‌కి పంపే ముందు డిజైన్ ఫోన్‌లో తెప్పించుకుని రిబ్బన్లు, పట్టీలు, టోపీ అన్నీ ఒక మాజీ సైనికుడికి చూపించండి. రాయి మీద పడ్డాక చెరపడం ఉండదు.

ఈ రెండింటి వల్ల 25 రోజుల పని 41 రోజులైంది. ఆలస్యం అయినందుకు నాకు బాధ లేదు. షాపువాళ్ళు ఫోన్ ఎత్తరు, అది మాత్రం ఇబ్బందే. ఆ చప్పుడులో వినపడదు కూడా. పని ఎంతవరకొచ్చిందో తెలుసుకోవాలంటే బండేసుకుని వెళ్ళాల్సిందే. నేను అయిదుసార్లు వెళ్ళాను. బిల్లు కాగితం మీద చేత్తో రాసిస్తారు.

ఒక్క విషయంలో మాత్రం పెద్దాయనతో గట్టిగానే మాట్లాడాను. ఇసుక కొట్టే కుర్రాడు ముక్కుకి తువ్వాలు కట్టుకుని పనిచేస్తున్నాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, ఒకసారి వచ్చాక తగ్గే జబ్బు కాదు. తువ్వాలు దాన్ని ఆపదు. నాలుగోసారి వెళ్ళినప్పుడు ఫిల్టర్ ఉన్న మాస్కులు రెండు కొనుక్కెళ్ళి ఇచ్చాను. అయిదోసారి వెళ్ళేసరికి కుర్రాడు పెట్టుకునే ఉన్నాడు. మీరు వెళ్తే మీరూ ఒక మాట అనండి. నలుగురు అంటే అలవాటవుతుంది.

రంగు విషయంలో కూడా ఆయన మాటే విన్నాం. బంగారు రంగు అందరూ అడుగుతారు, సముద్రపు గాలికి రెండు వానాకాలాల్లో వెలిసిపోతుందట. మా ఊరికి సముద్రం దగ్గర. అందుకే అక్షరాలు లోతుగా కొట్టించి తెలుపు వేయించాం. రేపు రంగు పోయినా, పొద్దున సాయంత్రం ఏటవాలు ఎండలో లోతు వల్లే చదవొచ్చు.

ఖర్చు: నీలం పలక 14,000, నల్ల పలక, ఫొటో కలిపి 4,500, అక్షరాలు 2,800, ట్రాలీ ఆటో 3,500, నిలబెట్టిన మేస్త్రీకి 2,200. మొత్తం 27,000. నలుగురికీ తలా 6,750 పడింది. ముగ్గురూ ఫోన్‌పే చేశారు. ఉస్తాద్ 10,000 పంపితే మిగతాది తిరిగి పంపించేశాను. నలుగురిదీ సమానంగా ఉండాలి.

పలక 130 కిలోల దాకా ఉంటుంది. బండిలో పడుకోబెట్టకూడదు, గోతిలో పడితే మధ్యకి విరుగుతుంది. అంచు మీద నిలబెట్టి, రెండు పక్కలా గడ్డి మోపులు పెట్టి తాళ్ళతో కట్టారు. మందస కోవా ఒక కిలో తీసుకెళ్ళి షాపులో అందరికీ పెట్టాను. పెద్దాయన ముక్క నోట్లో వేసుకుంటూ, కీర్తి చక్ర వచ్చిన మేజర్ మల్లా రామ్‌గోపాల్ నాయుడు గారిది పక్కనే సంతబొమ్మాళి మండలం అని గర్వంగా చెప్పాడు. తర్వాత ఎక్కడ నిలబెడతారని అడిగాడు. బస్సు ఆగే చోట, వాళ్ళింటి ఎదురుగా అన్నాను. బడి పిల్లలు అక్కడే నిలబడి బస్సు కోసం చూస్తారు, కూర్చోడానికి ఒక గట్టు ఉంటే బాగుండునని వాళ్ళమ్మ అంటోందని కూడా ఏదో మాటల్లో చెప్పాను. బండి కదలబోతుంటే ఆపించాడు. షెడ్డు వెనక నుంచి పాలిష్ పట్టని అయిదడుగుల నీలం రాయి ఒకటి నలుగురు మోసుకొచ్చి ఎక్కించారు. ఎంతివ్వమంటారు బాబాయ్ అంటే చెయ్యి ఊపాడు.

ఇప్పుడు పొద్దున ఏడున్నరకి పిల్లలు ఆ గట్టు మీదే కూర్చుంటున్నారు, సంచులు పలకకి ఆనించి. మొదట్లో ఊరి పెద్దలు కసిరారు. వాళ్ళమ్మ బయటికొచ్చి ఉండనీమంది.

ఉప్పుగాలికి రాయి మీద తెల్లటి పొర పడుతుంది. యాసిడ్, సోడా వాడొద్దు, మంచినీళ్ళు చాలని పెద్దాయన చెప్పాడు. వారానికోసారి నేను కడుగుదామనుకున్నాను. ఆ పని నాకు దక్కలేదు. పొద్దున్నే వాకిట్లో కల్లాపి చల్లాక ఆమె ఒక చెంబు మంచినీళ్ళు తెచ్చి పలక మీద కూడా పోసి, కొంగుతో తుడిచి, లోపలికి వెళ్తోంది.